ముందు ఛాసీ, ఆ తర్వాతే పంపులు

(పాత కార్ల మీద ఇష్టం ఉన్న తెలుగువాళ్ల కోసం శాన్ హోసేలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నించున్నవాళ్లు ముందుకు రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బల్ల మీద పెట్టిన భాగాలు దూరం నుంచి కనపడవు.

లోరైడర్ అంటే నేలకి ఆనేలా దించి, మెల్లగా ఠీవిగా నడిపే కారు. అందులో చాలా బళ్లున్నాయి. మాంటే కార్లో ఉంది, కట్లస్ ఉంది, రీగల్ ఉంది, కాడిలాక్ ఉంది, లింకన్ టౌన్ కార్ ఉంది. అన్నిటి గురించీ తలా ముక్క చెబితే ఇంటికెళ్లాక ఒక్కటీ పనికిరాదు. అందుకని ఒకే బండి పట్టుకుంటాను. షెవర్లే ఇంపాలా, 1964 మోడలు. దాన్ని కొనడమెలా, దానికి హైడ్రాలిక్స్, అంటే నూనె ఒత్తిడితో బండిని లేపి దించే పంపులు, వెయ్యడమెలా, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది. ఇంతే విషయం.

ముందు రెండు ముక్కలు చరిత్ర. ఈ కళ మనది కాదు, కాలిఫోర్నియా మెక్సికన్ అమెరికన్ వాడలది, చికానోలది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్లు పాత షెవర్లేలని నేలకి దించి, మెల్లగా, ఠీవిగా నడిపారు. 1958 జనవరి 1 నుంచి ఇక్కడ ఒక చట్టం వచ్చింది: చక్రం రిమ్ము అడుగు అంచు కంటే కిందకి బండిలో ఏ భాగమూ దిగకూడదు. మరి దించిన బండిని ఏం చెయ్యాలి? రాన్ అగిర్రే అనే ఆయన తన 1957 కార్వెట్‌కి సైన్యం అమ్మేసిన విమానాల హైడ్రాలిక్ పంపులు బిగించాడు. పోలీసు కనపడితే స్విచ్చి నొక్కడం, బండి చట్టబద్ధమైన ఎత్తుకి లేవడం. హైడ్రాలిక్స్ పుట్టింది గెంతడానికి కాదండీ, ఇంటికి క్షేమంగా చేరడానికి. ఆ సంగతి గుర్తుంటే ఇవాళ నేను చెప్పేదంతా అర్థమవుతుంది.

ఈ ఊరికి కూడా అందులో వాటా ఉంది. లోరైడర్ పత్రిక 1977లో మొదలైంది శాన్ హోసేలోనే. మీలో చాలామంది రోజూ దాటే స్టోరీ రోడ్డు, కింగ్ రోడ్డు కూడలి పాత క్రూజింగ్ చోటు, అంటే ఈ బళ్లని మెల్లగా ఊరేగించే చోటు. ఇక్కడి క్రూజింగ్ నిషేధాన్ని నగర కౌన్సిల్ 2022లో తీసేసింది. ఆ 1958 నాటి ఎత్తు నిబంధననీ, ఊళ్లు పెట్టుకున్న క్రూజింగ్ నిషేధాలనీ 2024 జనవరి 1 నుంచి రాష్ట్రమే రద్దు చేసింది. కాబట్టి దించిన బండి ఇప్పుడు కాలిఫోర్నియాలో నేరం కాదు. టెక్సస్ నుంచి వచ్చినవాళ్లున్నారా ఇక్కడ? మీ రాష్ట్రం నిబంధనలు మీరు విడిగా చూసుకోవాలి.

కొనేటప్పుడు

మొదటి ప్రశ్న: 1964 ఎందుకు, 1980ల మాంటే కార్లో చవక కదా? చవకే. మొదటి బండిగా అది మంచిదని కూడా నేను అంటాను. కానీ ఒకటి చూసుకోండి. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్ల పెట్రోలు బళ్లకి స్మాగ్ పరీక్ష, అంటే పొగ కాలుష్య పరీక్ష, లేదు. 1980ల బండికి ఉంది. ఇంజన్ మార్చేసిన మాంటే కార్లో కొని, తర్వాత స్మాగ్ దగ్గర ఇరుక్కుపోయేవాళ్లు ఎక్కువ.

ఇంపాలా దగ్గరికి వెళ్లగానే రంగు చూడకండి. డ్రైవరు తలుపు తెరవండి. ముందు కీలు ఉండే స్తంభం మీద చిన్న రేకు ఉంటుంది, దాని మీద నంబరుంటుంది. మొదటి అంకె 4 అంటే 1964. తర్వాత రెండంకెలు 18 అయితే వీ-8 ఇంజనుతో వచ్చిన ఇంపాలా. 14 అయితే వీ-8 సూపర్ స్పోర్ట్, పొట్టిగా ఎస్ఎస్. ఆ తర్వాత 47 ఉంటే రెండు తలుపుల స్పోర్ట్ కూపే, 67 ఉంటే కన్వర్టిబుల్. అంటే 41447తో మొదలైతేనే అసలైన వీ-8 ఎస్ఎస్ కూపే. 41847 మీద ఎస్ఎస్ బ్యాడ్జీలు, బకెట్ సీట్లు పెట్టి ఎస్ఎస్ ధర అడుగుతారు. బండి బాగుంటే కొనండి, కానీ ఎస్ఎస్ ధరకి కొనకండి. ఇంకో మాట, ఈ లెక్క 1964కే. 1963లో ఎస్ఎస్ ఒక ఆప్షను మాత్రమే, నంబరులో తెలియదు. ఆ రేకు మీద నంబరూ టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద నంబరూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. రివెట్లు కొత్తగా మెరుస్తుంటే డబ్బు తియ్యకండి.

ఆ తర్వాత తుప్పు. అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి. వెనక మడ్‌గార్డు అంచులు, డిక్కీ నేల, వెనక అద్దం కింది మూల. అయస్కాంతం పట్టుకోకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. పుట్టీ పెట్టిన చోట హైడ్రాలిక్స్ కుదుపుకి పగులు రాకుండా ఉండదు.

ఇప్పటికే హైడ్రాలిక్స్ వేసిన బండి కొంటున్నారా? అప్పుడు ఒక పరీక్ష. బండిని పూర్తిగా దించమనండి, పూర్తిగా లేపమనండి, తర్వాత వెనక ఒక మూల మాత్రం దించమనండి. అలా వంకరగా ఉండగా మీరు రెండు తలుపులూ తెరిచి మూయండి. తలుపు పట్టేస్తోందా? పై అంచు దగ్గర సందు ఒక పక్క మూసుకుపోయి ఇంకో పక్క తెరుచుకుందా? అయితే ఛాసీ, అంటే బండి అడుగున ఉండే ఉక్కు చట్రం, మెలి తిరుగుతోంది. పంపులు ఎంత క్రోమ్‌తో మెరిసినా ఆ బండికి కింద పని జరగలేదు. తర్వాత బండిని లేపి గంటసేపు వదిలెయ్యండి. కుంగిందా లేదా చూడండి. కుంగితే ఎందుకు కుంగిందో ఇంకాసేపట్లో చెప్తాను.

ఛాసీ

ఇక అసలు విషయం. 1958 నుంచి 1964 దాకా ఇంపాలాకి ఎక్స్ ఆకారపు ఛాసీ. అంటే తలుపుల కింద పొడవునా పోయే పట్టాలు లేవు. ముందు నుంచి వచ్చే రెండు కాళ్లు నడుమ దగ్గర ఒకటైపోయి, మళ్లీ వెనక రెండుగా విడిపోతాయి. బండి నేలకి ఆనుకునేలా దిగడానికి అది మంచి రూపం. కానీ బరువంతా ఆ సన్నటి నడుం మీదే. ఒక మూల లేపితే మెలి మొత్తం పడేది అక్కడ. గమనించారా? అందంగా దిగడానికి కారణమేదో, విరగడానికీ అదే కారణం.

కాబట్టి రేకు వెయ్యాలి. మామూలుగా రోడ్డు మీద తిరిగే బండికి 3/16 అంగుళం మందం ఉక్కు ప్లేటు, అంటే ఐదు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. గెంతించే బండికి పావు అంగుళం. ఎక్కడెక్కడ? ముందు స్ప్రింగు కూర్చునే గిన్నెల చుట్టూ, నడుం, యాక్సిల్ మీదుగా వెళ్లే వెనక వంపు, వెనక స్ప్రింగు పై భాగం. బాడీని ఛాసీ మీంచి ఊడదీసి దించకుండా ఇవన్నీ చెయ్యగలమా అని అడుగుతారు. కొన్ని చెయ్యగలరు. నడుం పై ముఖం మాత్రం బాడీ దించకుండా సరిగ్గా అందదు. అందుకని ఒక మూల లేపి నడపాలనీ మూడు చక్రాల మీద నిలబెట్టాలనీ ఉంటే బాడీ దించండి. ముందూ వెనకా లేపి దించడమే చాలనుకుంటే ముఖ్యమైన చోట్ల ప్లేట్లు వేసి ఆగొచ్చు.

వెల్డింగులో తప్పు జరిగేది తొందర వల్ల. ఒక చివర మొదలుపెట్టి ఇంకో చివర దాకా ఏకబిగిన గీత లాగేస్తారు. వేడికి ఛాసీ అరటి దొప్పలా వంగుతుంది. అంగుళం, అంగుళంన్నర ముక్కలుగా వెయ్యాలి. ఇక్కడొకటి వేసి, అవతలి పక్క ఎదురుగా ఒకటి వేసి, మళ్లీ ఇటు రావాలి. చల్లారనివ్వాలి. మొదలుపెట్టే ముందే ఛాసీని సమతలంగా స్టాండ్ల మీద పెట్టి, మూల నుంచి మూలకి రెండు ఐమూల కొలతలూ తీసి గోడ మీద రాసుకోండి. ప్రతి విడత తర్వాత మళ్లీ కొలవండి. పాత రంగు, తుప్పు, ఉక్కు మీద నల్లటి పొర, అన్నీ గ్రైండరుతో తీసేసి తెల్లటి లోహం కనపడ్డాకే వెల్డింగు. ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది. ఇంపాలా పెట్రోలు ట్యాంకు డిక్కీ నేల కిందే ఉంటుంది. వెనక పని మొదలుపెట్టే ముందు ట్యాంకు బండి నుంచి బయటికి రావాలి. ఖాళీ చెయ్యడం కాదండీ, ఊడదీసి షెడ్డు బయట పెట్టడం. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం.

ఛాసీ అయ్యాక కాళ్లు. ముందు చక్రాన్ని పట్టుకునే ఆర్ములు రెండు, పైది పొట్టి, కిందది పొడుగు. బండి లేచేకొద్దీ పొట్టి ఆర్ము చక్రం పై అంచుని లోపలికి లాగుతుంది. పూర్తిగా లేచాక రెండు చక్రాలూ లోపలికి ఒరిగి కనపడతాయి. అందుకని పై ఆర్ముని కోసి పొడిగిస్తారు. రోడ్డు బండికి ఒక అంగుళం చాలు. లేపినప్పుడు చక్రం నిటారుగా ఉంటుంది, దించినప్పుడు పై అంచు కాస్త బయటికి వాలుతుంది. ఎక్కువ పొడిగిస్తే మామూలు ఎత్తులో టైరు బయటి అంచు మీదే అరుగుతుంది. ఎంత పొడిగించినా బాల్ జాయింటుకి, అంటే ఆర్ము చివర చక్రాన్ని పట్టుకునే గుండ్రటి కీలుకి, ఒక హద్దుంది. పూర్తిగా లేపినప్పుడు అది బిగుసుకుపోయి మెడ దగ్గర విరిగితే చక్రం బండి కిందకి మడుచుకుపోతుంది. బండిని లేపే హైడ్రాలిక్ సిలిండరు పూర్తిగా లేచిన స్థితిలో జాయింటు ఇంకా చేతికి కదులుతోందో లేదో చూడండి. కదలకపోతే పొట్టి సిలిండరు వెయ్యండి.

వెనక ఇంపాలాకి పాన్‌హార్డ్ కడ్డీ ఉంటుంది. ఒక చివర ఛాసీకి, ఇంకో చివర యాక్సిల్‌కి, అడ్డంగా. యాక్సిల్ పక్కకి జరగకుండా అది పట్టుకుంటుంది. ఇప్పుడు చెప్పండి, వెనక భాగం పదంగుళాలు లేస్తే ఆ కడ్డీ ఏం చేస్తుంది? చాపంలా తిరుగుతుంది. దాంతో యాక్సిల్ మొత్తం ఒక పక్కకి జరుగుతుంది. ఒక టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుంది, రెండోది లోపలికి పోతుంది. ఇది చూసి చక్రం తప్పు అనుకుని రిమ్ములు మారుస్తారు! తప్పు కడ్డీది. పొడవు సర్దుబాటు చేసుకునే కడ్డీ వేస్తే మీరు ఎక్కువగా నడిపే ఎత్తులో మధ్యకి తెచ్చుకోవచ్చు. బాగా ఎత్తు లేపాలంటే కడ్డీ తీసేసి వై ఆకారపు ఆర్ము పెట్టాలి.

అలాగే ప్రొపెల్లర్ షాఫ్టు, ఇంజను తిప్పుని వెనక చక్రాలకి చేర్చే కడ్డీ. ఈ బండికి అది రెండు ముక్కలు, నడుమ బేరింగు మీద ఆధారపడి ఎక్స్ నడుం గుండా పోతుంది. వెనక లేచేకొద్దీ దూరం మారుతుంది, కోణం మారుతుంది. సాగే జాయింటు ఉన్న షాఫ్టు వెయ్యకపోతే దాని కీళ్లలో ఉండే క్రాసులు విరుగుతాయి. వెనక బ్రేకు గొట్టం కూడా పొడవుది వెయ్యండి. లేపినప్పుడు అది బిగుసుకుని తెగితే బ్రేకు పోయినట్టే. ఎందుకంటే 1964 బండికి మాస్టర్ సిలిండర్లో, అంటే పెడలు తొక్కితే బ్రేకు నూనెని చక్రాలకి తోసే దాంట్లో, ఒకటే గది. ఎక్కడ తెగినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. రెండు గదుల మాస్టర్ సిలిండరు పెట్టండి, పంపులు కొనక ముందే పెట్టండి.

పంపులు, గొట్టాలు

ఇదిగో, బల్ల మీదున్నది ఒక పంపు. ఇది మోటారు, ఇది దిమ్మ, ఇది లోపలి గేరు, ఇది నూనె ట్యాంకు. గేరుకి నంబర్లుంటాయి, 7, 9, 11, 13. నంబరు పెరిగితే ఒక్కో తిప్పుకి ఎక్కువ నూనె తోస్తుంది, బ్యాటరీని కూడా అంతే తాగుతుంది. రోడ్డు బండికి ముందు 9, వెనక 7 సరిపోతాయి.

మోటారు తిరిగితే నూనె గొట్టంలోంచి సిలిండర్లోకి పోయి కడ్డీని తోస్తుంది. తోసిన నూనె వెనక్కి రాకుండా చెక్ వాల్వు ఆపుతుంది. దించాలంటే డంప్ అనే విద్యుత్ వాల్వు తెరుచుకోవాలి. అప్పుడు నూనెని ట్యాంకులోకి నెట్టేది ఎవరు? పంపు కాదు, బండి బరువే. అందుకే ఇంజనున్న ముందు భాగం దబ్బున పడుతుంది, తేలికైన వెనక భాగం నెమ్మదిగా దిగుతుంది. ముందు పక్క నూనె వేగం తగ్గించే స్లోడౌన్ వాల్వు పెట్టి, అది తిప్పుకుంటూ రెంటినీ సమానం చెయ్యండి. దబ్బున పడనిస్తే పగిలేది మీ ఛాసీ అడుగు.

మొదటిసారి వేసేవాళ్లకి నేను చెప్పేది రెండు పంపులు, మూడు డంపులు. ముందు రెండు చక్రాలకి ఒక పంపు, ఒక డంపు. వెనక ఒక పంపు, రెండు డంపులు. వెనక రెండూ కలిసే లేస్తాయి, కానీ ఏది కావాలంటే అది దించుకోవచ్చు. సిలిండర్లు ముందు ఎనిమిదంగుళాలు, వెనక పదో పన్నెండో. స్ప్రింగుని తీసెయ్యరు, సిలిండరు స్ప్రింగు మీద కూర్చుంటుంది. ఎందుకు? నూనె నలగదు కాబట్టి. గుంట వస్తే మెత్తగా కదిలేది ఆ స్ప్రింగొక్కటే. ఇంకా మెత్తదనం కావాలంటే నైట్రోజన్ నింపిన అక్యుములేటర్లు పెట్టుకోవచ్చు. గెంతడం తగ్గుతుంది, నడక బాగుపడుతుంది. కుటుంబంతో తిరిగేవాళ్లు తప్పకుండా పెట్టుకోండి.

బండి ఎందుకు కుంగుతుందో చెప్తానన్నాను కదా. రాత్రి లేపి పెడితే పొద్దున్నకి నేల మీద ఉంటుంది. కింద నూనె మరక ఉంటే సిలిండరు సీలో గొట్టమో. మరక లేకపోతే నూనె ట్యాంకులోకే పోయింది, అంటే చెక్ వాల్వు గానీ డంపు గానీ కారుతోంది. ఏది? లేపి పంపు దగ్గర చెవి పెట్టండి. మోటారు మెల్లగా వెనక్కి తిరుగుతుంటే చెక్ వాల్వు, తిరక్కపోతే డంపు. విప్పి చూస్తే చాలాసార్లు దొరికేది ఏంటో తెలుసా? తెల్లటి టెఫ్లాన్ టేపు ముక్క. మర కొసకి కూడా టేపు చుడితే అది తెగి లోపలికి పోయి వాల్వు మూతలో ఇరుక్కుంటుంది. అందుకని మొదటి రెండు మరలు వదిలేసి చుట్టండి, లేదా ద్రవ సీలెంటు వాడండి. మరతో బిగిసే కోను మర్లకే ఇది. చివర వెడల్పుగా విప్పారిన ఫ్లేర్ కీళ్లకి టేపు అసలొద్దు, అక్కడ ఆపేది లోహానికి లోహం ఒత్తిడే.

నూనె హైడ్రాలిక్ ఆయిలే, 32 గ్రేడు. బ్రేకు నూనె పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. ట్యాంకు నింపేది బండి పూర్తిగా దిగి ఉన్నప్పుడు మాత్రమే. లేపి నింపితే, దించగానే సిలిండర్లలో నూనెంతా తిరిగొచ్చి డిక్కీలో పొంగుతుంది. డిక్కీలో బ్యాటరీ కేబుళ్లున్నాయి, గుర్తుంది కదా.

కరెంటు

అగ్గి పుట్టేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా వినండి. 12 వోల్టుల బ్యాటరీలని వరసగా కలుపుతాం, ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి. నాలుగైతే 48 వోల్టులు. ముందు పంపుకి 48, వెనక పంపుకి రెండో బ్యాటరీ దగ్గర తీసుకుని 24. మోటారు లాగేది వందల ఆంపియర్లు. వెల్డింగు కేబులు వాడండి, 1/0 గేజీకి తగ్గకుండా. ఎర్త్ కేబులు కూడా అంతే మందం ఉండాలి. ప్లస్ కేబులు బొటనవేలంత మందాన వేసి, ఎర్త్‌కి సన్నతీగ వేస్తే, కాలేది ఆ సన్నతీగే. ఎర్త్ బిగించే చోట రంగు గీకెయ్యండి. బ్యాటరీల చట్రం ఛాసీకి బిగించాలి, డిక్కీ రేకుకి కాదు.

పంపుకి కరెంటు వదిలేవి సోలినాయిడ్లు. లోపల రాగి బిళ్ల అంటుకుని విడిపోతుంది. బ్యాటరీ దిగిపోయినప్పుడు నొక్కుతూనే ఉంటే ఆ బిళ్ల కరిగి అతుక్కుపోతుంది. అప్పుడు స్విచ్చి వదిలినా మోటారు ఆగదు. గొట్టం పగలాలి, లేకపోతే మోటారు కాలాలి. పగిలిన గొట్టం నూనె వేడి కేబుల్ మీద చిమ్మితే ఇంక చెప్పక్కర్లేదు. అందుకని ఒక్కో పంపుకి రెండు మూడు సోలినాయిడ్లు ఒకదాని తర్వాత ఒకటి పెట్టండి, ఒకటి అతుక్కున్నా ఇంకోటి తెరుచుకుంటుంది. దానికి తోడు, మొదటి బ్యాటరీ ఎర్త్ కేబుల్లో చేత్తో లాగేస్తే ఊడిపోయే డిస్కనెక్టు ఉండాలి. డిక్కీ మూత తియ్యగానే చెయ్యి తగిలే చోట ఉండాలి, బ్యాటరీల వెనక కాదు. మీ ఇంట్లో వాళ్లందరికీ అది చూపించండి. బండి ఆపి దిగినప్పుడల్లా లాగెయ్యండి.

ఛార్జింగు పెట్టేటప్పుడు డిక్కీ మూత తెరిచే ఉంచాలి, బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది. ఛార్జరు ప్లగ్గు గోడ నుంచి తీశాకే క్లిప్పులు తియ్యాలి. నాలుగు బ్యాటరీలూ ఒకే రకం, ఒకేసారి కొన్నవి అయ్యుండాలి. మూడు కొత్తవి, ఒకటి పాతది పెడితే ఆ పాతది మిగతా మూడింటినీ పాడు చేస్తుంది.

ఎక్కువ బ్యాటరీలు పెడితే వేగంగా లేస్తుంది కదా అంటారు. లేస్తుంది. టైరు లెక్క చూడండి. అందరికీ ముద్దొచ్చే 13 అంగుళాల తీగల చక్రానికి వేసేది 155/80 ఆర్ 13 టైరు. దాని మీద బరువు సూచిక 79 అని ఉంటే ఒక్కో టైరు మోసేది 437 కిలోలు. నాలుగూ కలిపి 1,748. ఇంపాలా బరువే సుమారు 1,600. పెద్ద బ్యాటరీ ఒక్కోటి 27 కిలోల దాకా ఉంటుంది. ఆరు పెడితే 160 దాటింది, మనిషి ఎక్కకుండానే అయిపోయింది! ఛాసీకి వేసిన ప్లేట్లు ఇంకా లెక్కెయ్యలేదు. 14 అంగుళాలకి వెళ్తే 175/70 ఆర్ 14, 84 సూచిక, ఒక్కోటి 500 కిలోలు, మొత్తం 2,000. నాలుగు బ్యాటరీలు, ఇద్దరు మనుషులు, 14 అంగుళాల చక్రాలు. రోడ్డు మీద తిరిగే ఇంపాలాకి నా సలహా ఇదే. 13 మీదే మనసుంటే ఫ్రీవే ఎక్కకండి.

ఇక, హైదరాబాదులో మన బండికి ఇలా వెయ్యొచ్చా అని ఇందాక ఎవరో చీటీ పంపారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అక్కడ రోడ్డు మీద తిప్పే బండికి వెయ్యకండి.

ఇప్పుడు బయట ఉన్న బండి దగ్గరికి వెళ్దాం. ఒక్క మాట పాటించండి: బండి హైడ్రాలిక్స్ మీద లేచి ఉన్నప్పుడు కిందకి తల పెట్టొద్దు, చెయ్యి కూడా పెట్టొద్దు. ఛాసీ కింద జాకీ స్టాండ్లు పెట్టి, బండి వాటి మీదకి దిగి, డిస్కనెక్టు లాగేశాక పిలుస్తాను. అప్పుడు ఇద్దరిద్దరుగా వచ్చి ప్లేట్లు, వెల్డింగు చూడొచ్చు.